పసుపు కొలతలు

హాజరుపట్టీలో సింహాచలమ్మది ఒకటో నంబరు. మధ్యాహ్నం సైరను కూసి మగవాళ్ళు మళ్ళీ రైల్వే వర్క్‌షాపు గేటు దాటాక, రెండు గంటలకి జ్ఞానరత్నం టీచరు కుర్చీలో కూర్చుని "నంబర్ వన్" అని పిలిచేది. నలభై ఆరేళ్ళ సింహాచలమ్మ కింద చాప మీంచి "ఉన్నానమ్మా" అనేది. వెంటనే గదిలో మిగతా పంతొమ్మిదిమందీ తలలు దించుకునేవారు. కొందరికి నవ్వొచ్చి, కొందరికి సిగ్గేసి. ఆ పంతొమ్మిదిమందికీ సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి నేర్పింది సింహాచలమ్మే మరి.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో ఆమె రైల్వే క్వార్టరు వరండాలో ఎనిమిదేళ్ళుగా నడిచిన కుట్టుబడికి ఆ వేసవిలో కలకత్తా నుంచి గ్రాంటు వచ్చింది. గ్రాంటుతో నాలుగు కాలు మిషన్లు వచ్చాయి, రెండు తానుల గుడ్డ వచ్చింది, ఇన్‌స్టిట్యూట్ వెనక గది వచ్చింది, టీచరుకి జీతం వచ్చింది. షరతులు కూడా వచ్చాయి. టీచరుకి సర్టిఫికెట్ ఉండాలి. నేర్చుకునేవాళ్ళు ఇరవైమందికి తగ్గకూడదు. సింహాచలమ్మకి సర్టిఫికెట్ లేదు. నేర్చుకునేవాళ్ళు పంతొమ్మిదిమందే ఉన్నారు. మహిళా సమితి సెక్రటరీ సుజాతమ్మ ఈ రెండు లోట్లనీ ఒక్క దెబ్బతో పూడ్చేసింది. సర్టిఫికెట్ ఉన్న జ్ఞానరత్నాన్ని ఊళ్ళోనే ఉన్న సుభాష్‌పల్లి నుంచి పిలిపించి టీచరుని చేసింది. సింహాచలమ్మని ఇరవయ్యో మనిషిగా రాసి, గౌరవానికి ఒకటో నంబరు ఇచ్చింది.

గౌరవం అంటే అదీ! కాలు విరగ్గొట్టి పందిరిమంచం ఇచ్చినట్టు. కాని సింహాచలమ్మ అప్పుడు కాదనలేదు. నాలుగు కొత్త మిషన్లు వరసగా ఉంటే చూడాలని ఆమెకి ఎంత ఆశో ఆమెకే తెలుసు.

శ్రావణమాసం, సోమవారం. గురువారంనాడు ఇన్‌స్పెక్టరు వస్తోందని కబురు. ఆమె చూసి సరేనంటే రెండో విడత గ్రాంటు వస్తుంది. లేకపోతే మిషన్లతో సహా అన్నీ వెనక్కి. ప్రతి ఒక్కరూ కొత్తగా తను కుట్టుకున్న రవిక తను తొడుక్కుని కనపడాలి, అదే పరీక్ష.

వాన వెలిశాక చీర కుచ్చెళ్ళు పైకి పట్టుకుని సింహాచలమ్మ గదిలోకి వచ్చింది. వస్తూనే ఆమె కళ్ళు కిటికీ పక్క మేకు మీదికి వెళ్ళాయి. మేకుకి కొత్త పటం వేలాడుతోంది. పటంలో ఒక తెల్లటి ఆడమనిషి బొమ్మ, ఒంటినిండా అంకెలు.

"ఇక్కడ దారాలుండాల. ఏవీ?" అంది సింహాచలమ్మ.

జ్ఞానరత్నం నవ్వుముఖంతో లేచింది. ఇరవై మూడేళ్ళ పిల్ల. ఎవరితోనైనా లేచి నిలబడే మాట్లాడుతుంది, ఆ మంచి అలవాటుంది. "గోడలన్నీ ఖాళీ చేసి పటాలు పెట్టమన్నారండి సుజాతమ్మగారు. అవి చెత్తలో వెయ్యడానికి నాకు మనసొప్పలేదు. గుళ్ళో ఇచ్చేశానండి."

"ఏ గుళ్ళో?"

"మీ అమ్మవారి గుళ్ళోనేనండి. తవిటయ్య తాతగారికి. నేల మీద పెట్టకుండా పళ్ళెంలో పెట్టుకుని, చెప్పుల్లేకుండా వెళ్ళి ఇచ్చాను."

గదిలో మిషను చప్పుడు ఆగిపోయింది. దాలమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఓలమ్మో! కొలతలన్నీ అమ్మోరికిచ్చీసినాదే" అంది.

జ్ఞానరత్నం నవ్వు సగంలో ఆగింది.

అవి తోరాలు కావు. సింహాచలమ్మకి అంకెలు రావు, టేపు చదవలేదు. అందుకని ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క దారం పెట్టుకుంది. దారం ఒంటి చుట్టూ తిప్పి, గోటితో నొక్కి, నొక్కిన చోట ముడి వేస్తుంది. మొదటి ముడి చేతి చుట్టు, రెండోది రవిక పొడవు, మూడోది నడుము, నాలుగోది ఛాతీ. దారం సాగకుండా గంజిలో ముంచుతుంది. పురుగు కొట్టకుండా ఆ గంజిలో పసుపు కలుపుతుంది. ఎవరి దారమో తెలియడానికి కొసన వాళ్ళ పాత చీర పీలిక ఒకటి కడుతుంది. అలాంటి దారాలు నలభై దాకా ఉన్నాయి. శ్రావణమాసంలో పసుపు దారాలూ ముడులూ చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? నాలుగు నెలలుగా వాటిని చూస్తూ జ్ఞానరత్నం అవి హిందువుల నోముల తాళ్ళనే అనుకుంది. ఇతరుల భక్తి గురించి గుచ్చి గుచ్చి అడగకూడదని వాళ్ళ ఇంట్లో నేర్పారు. అడగకపోవడం ఎంత ముప్పు తెచ్చిందో చూడండి.

సింహాచలమ్మ వెనక్కి తిరిగి గుడివేపు నడిచింది. దాలమ్మ, ఇంకో నలుగురూ వెంట పడ్డారు.

గుడి అంటే పెద్దది కాదు. సందు చివర రేకు కప్పిన నాలుగు గోడలు. వర్క్‌షాపులో ఖలాసీగా చేసి రిటైరైన తవిటయ్య దానికి పూజారీ, కాపలాదారూ. కళ్ళు సరిగా ఆనవు. వీళ్ళ అలికిడి విని సంబరంగా బయటికొచ్చాడు.

"సూడండర్రా, అమ్మోరెలాగున్నాదో! ఆ కిరస్తానం గుంట తెచ్చినాది. ఎవులికుంటాది అంత భక్తి? పొద్దుట్నించీ ఒక్కటొక్కటీ కట్టినాను, సేతులు పీకుతున్నాయి."

అమ్మవారి విగ్రహం మెడలో, చేతులకి, త్రిశూలానికి నలభై దారాలూ చుట్టి ఉన్నాయి. వాటి మీద నూనె పోసి, కుంకం అద్దాడు. చీర పీలికలు తోరణాల్లాగా వేలాడుతున్నాయి. దాలమ్మ నీలం పీలిక అమ్మవారి ఎడమ చెవి దగ్గరుంది.

"ఏటే సింహాచలం, ఏటలా సూస్తన్నావు? ఏవైనా తప్పు సేసినానేటి?" అన్నాడు తవిటయ్య.

"నేదు తాతా" అని సింహాచలమ్మ చేతులు జోడించింది. అమ్మవారికి కట్టింది విప్పే ధైర్యం ఆమెకి లేదు. ఎవరికుంది? ఎనిమిదేళ్ళ పని అలా కుంకుమలో నానుతుంటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తవిటయ్య అది భక్తి అనుకుని ఇంత విభూతి చేతిలో పెట్టాడు.

తిరిగి వస్తుంటే దాలమ్మ ఊరుకోలేకపోయింది. "ఇకనుంచి మనకి అమ్మోరే కుడతాది రవికలు. తీరిగ్గా ఉన్నాది గదా" అంది. ఎవరూ నవ్వలేదు. కాసేపటికి అందరూ నవ్వారు. సింహాచలమ్మ మాత్రం నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆమె మొగుడు నూకయ్య వర్క్‌షాపు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, చేతులకున్న గ్రీజు రంపపుపొట్టుతో రుద్దుకుంటూ జరిగింది విన్నాడు. మాటలు పొదుపుగా వాడే మనిషి.

"గుంటనేటీ అనకు. దానికేటి తెలుసు?" అన్నాడు.

"నానేటీ అన్నేదు."

"మరి కిట్టకపోతే, ఆనాడే నంబర్ వన్ అన్నప్పుడు అనాల. నవ్వీసి ఊరుకున్నావు."

ఆమెకి ఒళ్ళు మండింది. మండటానికి కారణం ఆయన చెప్పింది నిజం కావడమే. కంచంలో అన్నం వడ్డించి, కూర గిన్నె కొంచెం గట్టిగానే పెట్టింది.

మంగళవారం రెండు గంటలైంది. సింహాచలమ్మ బడికి వెళ్ళలేదు. వరండాలో తన పాత చేతి మిషను ముందు కూర్చుని, కుట్టడానికేమీ లేక, దాని చక్రానికి నూనె వేస్తోంది. నాలుగు నెలలుగా ఈ వరండాలో సాయంత్రం పూట ఇంకో బడి నడుస్తోంది. జ్ఞానరత్నం పుస్తకం ప్రకారం ఛాతీ కొలతని భాగించి, గీతలు గీసి కత్తిరింపజేసేది. అలా కుట్టిన రవికలు పటంలో బొమ్మకైతే చక్కగా సరిపోయేవి. పొద్దున్నే నాలుగు బిందెలు మోసే దాలమ్మకి మాత్రం చంక దగ్గర పట్టేసేవి, చెయ్యి పైకెత్తితే పుటుక్కుమనేవి. అప్పుడు ఆడవాళ్ళు ఆ రవికలు కొంగుకింద దాచుకుని ఇక్కడికి వచ్చేవారు. సింహాచలమ్మ కుట్లు విప్పి, బడి నుంచి కొంగున ముడేసి తెచ్చుకున్న దారం తీసి చూసి, మళ్ళీ కుట్టించేది. మర్నాడు బడిలో టీచరు వాటిని చూసి "బాగా కుదిరింది" అని మెచ్చుకునేది.

గేటు చప్పుడైంది. జ్ఞానరత్నం వచ్చి మెట్టు దగ్గర నిలబడింది. చెప్పులు విప్పింది కాని పైకి రాలేదు.

"వందనాలండి. అందరూ వచ్చారు. మీరే..."

"ఆబ్సెంటు రాసుకో."

"రాయలేదండి." కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. "నలభై తోరాలు ఏ నోముకి కడతారు అని దాలమ్మ అడిగేదాకా నాకు తట్టలేదు. బుర్ర ఉండాలి కదా నాకు."

సింహాచలమ్మకి కోపంలోనే నవ్వొచ్చింది. "నలభై తోరాలేటే! మూడు ముళ్ళ తాళి ఒకటి మొయ్యడానికే ప్రాణం పోతాది."

పిల్ల నవ్వలేదు. "నా కొలతలతో కుట్టిన రవిక ఎవరికీ పట్టదండి. నాకు తెలుసు. మీరు ఇక్కడ విప్పి కుట్టిస్తున్నారని కూడా తెలుసు."

నూనెడబ్బా పట్టుకున్న చెయ్యి ఆగింది. "తెలుసా?"

"నేను వేయించిన కుట్టు నేను గుర్తుపట్టలేనా? మొదటివారమే తెలిసింది. బాగా కుదిరింది అనేటప్పుడల్లా నాకు సిగ్గు చచ్చేది. కాని అడిగితే, నాకేమీ రాదని బయటపడిపోతుందని..." వేలికి చుట్టిన కొంగు విప్పి, "మేము సర్టిఫికెట్‌కి కాగితంతో కుట్టామండి. పాత పేపర్లతో. మనిషికి కుట్టింది ఇక్కడికొచ్చాకే" అంది.

సింహాచలమ్మ ఆ పిల్లని ఎగాదిగా చూసింది. తప్పు చేసి దాచుకునేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. మెట్టు దగ్గర నిలబడి ఒప్పుకున్నదాన్ని చూడటం మొదటిసారి. మనసు మెత్తబడింది. అయినా బింకం వదల్లేదు.

"రెండ్రోజుల్లో ఇరవైమందికి మళ్ళీ కొలాల. నా కాడ పసుపు లేదు, గంజి లేదు. ఆరడానికి ఎండ లేదు."

"దారం మీరు పట్టండి. నేను టేపు మీద పెట్టి రాస్తాను. రాసింది గుళ్ళో ఇచ్చినా మళ్ళీ రాయొచ్చు."

ఆ రెండ్రోజులూ గదిలో కుర్చీ ఖాళీగా ఉంది. జ్ఞానరత్నం చాప మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒడిలో నోటుపుస్తకం పెట్టుకుంది. మొదట దాలమ్మ వచ్చి బొమ్మలా బిర్రుగా నిలబడింది.

"అలగ్గాదు. నువ్వెలా నడుస్తావో అలా నిల్సో. బిందె సంకనెట్టుకున్నట్టు" అంది సింహాచలమ్మ. దాలమ్మ నడుం వంచగానే ఎడమ భుజం రెండు వేళ్ళ మేర కిందికి దిగింది. "సూసినావా? పటంలో దానికి రెండు బుజాలూ ఒక్కలాగే ఉంటాయి. అది నీళ్ళు మొయ్యదు."

జ్ఞానరత్నం రాసుకుంది. ఎడమ, కుడి అని రెండు గళ్ళు గీసింది. ఇలాంటి గళ్ళు ఆమె పుస్తకంలో లేవు.

తర్వాత బాలింత ఒకామె వచ్చింది. ఆమెకి పాలిచ్చేముందు ఒక కొలత, ఇచ్చాక ఒక కొలత తీసింది సింహాచలమ్మ. అందుకోసం బిడ్డ ఏడ్చేదాకా అందరూ ఓపిగ్గా కూర్చున్నారు. తర్వాత సాలువా పోలీసు క్యాంపులో రొట్టెలు చేసే ఆమె వచ్చింది. పిండి పిసికీ పిసికీ కుడిచెయ్యి లావెక్కింది. చేతి చుట్టు దారం వేసేటప్పుడు, "సెయ్యి ముడుసు, పిండి పిసుకుతున్నావనుకో" అంటే, చెయ్యి ముడిచేసరికి దారం బిగుసుకుపోయింది. సింహాచలమ్మ వేలు దూర్చి ఇంకాస్త వదిలింది. దారాన్ని చాచి జ్ఞానరత్నానికి అందించింది. జ్ఞానరత్నం టేపు పక్కన పెట్టి, పైకి చదివి, రాసింది.

"పన్నెండున్నర."

"పన్నెండున్నరంటే ఎలాగుంటాది?"

జ్ఞానరత్నం పుస్తకం తిప్పి చూపించింది. సింహాచలమ్మ ఆ అంకెల మీద వేలు పెట్టి చూసింది. ఆ తర్వాత ప్రతి కొలతకీ పుస్తకంలోకి తొంగిచూస్తూనే ఉంది. బుధవారం మధ్యాహ్నానికి పుస్తకంలో ఇరవై పేజీలు నిండాయి. అప్పుడు ఆమెకి ఒక సంగతి తట్టింది. ఇదివరకు దారాలు ఆమెకి ఒక్కదానికే తెలిసేవి. ఇప్పుడు ఈ పుస్తకం చదవడం వచ్చినవాళ్ళెవరైనా దాలమ్మకి రవిక కుట్టగలరు. తనక్కర్లేదు. తన చేత్తోనే తను అక్కర్లేకుండా చేసుకుంది.

ఈ మాట పైకి ఎవరితో చెప్పుకుంటుంది? కత్తెర తీసుకుని గుడ్డ మీద వంగింది.

కొలిచినవాళ్ళు కొలిచినట్టే కుట్టుకుంటూ రావడంతో బుధవారం సాయంత్రానికి ఇరవై రవికలూ పూర్తయ్యాయి. సుజాతమ్మ వచ్చి ఒక్కొక్కటీ దులిపి చూసింది. ఆమె చెడ్డమనిషి కాదు. ఆరు నెలలు తిరిగి, కాళ్ళరిగేలా ఆఫీసుల చుట్టూ అర్జీలు పట్టుకుని ఈ గ్రాంటు తెచ్చింది. అందరినీ పంపేసి సింహాచలమ్మని ఒక పక్కకి పిలిచింది.

"పిన్నీ, రేపు వచ్చేది బెంగాలీ ఆవిడ. ప్రతివాళ్ళనీ ఒకటే అడుగుతుంది. చేరకముందు కుట్టు వచ్చా అని. కాగితాల్లో ఇరవైమందికీ రాదు అని రాశాను. నువ్వు కూడా రాదు అనాలి."

"నాకు?"

"ఒక్క మాట. వచ్చు అంటే, వచ్చినదాన్ని నేర్చుకునేదానిగా ఎందుకు రాశారంటుంది. మొత్తం జాబితా అబద్ధమంటుంది. మిషన్లు పోతాయి."

సింహాచలమ్మ కొత్త మిషన్ల వంక చూసింది. "సరే" అంది.

"ఇంకొకటి. నీకు బెంగాలీ రానట్టే ఉండు. నువ్వు బెంగాలీలో మొదలెట్టావంటే ఆపడం మా తరం కాదు. జ్ఞానరత్నం మధ్యలో ఉండి ఇటుదటు, అటుదిటు చెబుతుంది."

గురువారం వాన లేదు. ఇన్‌స్పెక్టరు దీదీ పొద్దున్న బండికే దిగి, పదకొండు గంటలకి రిక్షాలో వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. తెల్ల నూలు చీర, కుడిభుజాన నల్ల సంచీ, ముఖంలో ప్రయాణపు అలసట. టీ ఇస్తే తాగింది, మిఠాయి ఇస్తే పక్కన పెట్టింది. పటాలు చూడలేదు. ఆడవాళ్ళని చూసింది.

"చేతులు పైకెత్తండి" అంది బెంగాలీలో.

జ్ఞానరత్నం తెలుగులో చెప్పేలోగానే ఇరవైమందీ చేతులెత్తేశారు. దీదీ కనుబొమ్మ ఒకటి కొంచెం లేచింది. ఒక్కరి చంక దగ్గరా కుట్టు పిగల్లేదు. దాలమ్మ చుట్టూ తిరిగి చూసి, భుజం మీద చెయ్యి వేసి, "బాః" అంది. కొలతల పుస్తకం అడిగి తీసుకుని, ఎడమ కుడి గళ్ళు చూసి, "ఇది ఎవరి ఆలోచన?" అంది. సుజాతమ్మ గర్వంగా జ్ఞానరత్నాన్ని చూపించింది. జ్ఞానరత్నం తల వంచుకుంది. అది వినయమని దీదీ అనుకుని ఉంటుంది.

అప్పుడు జాబితా తెరిచింది. "ఒకటో నంబరు."

సింహాచలమ్మ లేచింది. దీదీ సంచీలోంచి టేపు తీసి ఆమె చేతికిచ్చి, "నాకు కొలత తియ్యి" అంది.

సింహాచలమ్మ టేపు అందుకుంది. చిత్రం, ఆ క్షణం ఆమెకి భయం వెయ్యలేదు. చేతికి పని దొరికితే ఆమెకి ఎప్పుడూ భయం ఉండదు. దీదీ వీపు వెనక్కి వెళ్ళి నిలబడి కాసేపు ఊరికే చూసింది. సంచీ వేలాడే కుడిభుజం చూసింది. టేపుని దారంలాగా చుట్టి, గోటితో నొక్కి, నొక్కిన గోరు వదలకుండా బల్ల మీద గుడ్డకి ఆనించి సుద్దతో గుర్తు పెట్టింది. మళ్ళీ చుట్టింది, మళ్ళీ గుర్తు పెట్టింది. ఒక్కసారి కూడా టేపు మీది అంకె చూడలేదు. కత్తెర తీసుకుని కర్రు కర్రుమని కత్తిరించేసింది. రెండు ముక్కలు దీదీ భుజానికి ఆనించి చూపించింది. కుడిపక్క రవంత ఎక్కువ వదిలింది.

దీదీ ఆ గుడ్డముక్కలని చాలాసేపు చూసింది. తర్వాత కలం మూత తీసి, జ్ఞానరత్నం వేపు తిరిగి బెంగాలీలో అడిగింది.

"ఇక్కడ చేరకముందు ఈమెకి కుట్టు వచ్చా? అడుగు."

జ్ఞానరత్నం గొంతు సవరించుకుంది. "మీకు ఇదివరకు కుట్టు వచ్చా అని అడుగుతున్నారండి."

పంతొమ్మిదిమందీ ఆమెనే చూస్తున్నారు. సుజాతమ్మ ఫైలుని గుండెకి హత్తుకుంది. వరసగా నాలుగు మిషన్లు, కొత్త నలుపు మీద బంగారు గీతలు, మెరుస్తున్నాయి. ఎనిమిదేళ్ళు ఒక్క మాటలో మింగెయ్యాలి. మింగేసింది.

"రాదని సెప్పు. ఈ గుంటే నేర్పినాదని సెప్పు."

ఎవరో నిట్టూర్చారు. జ్ఞానరత్నం దీదీ వేపు తిరిగింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ప్రార్థనలో వాక్యం చదివే పిల్లలాగా గట్టిగా చెప్పింది.

"ఉనీయే శోబాయ్‌కే శిఖియేఛేన్, దీదీ."

ఈమే అందరికీ నేర్పింది అని. అక్కడితో ఆగలేదు. ఎనిమిదేళ్ళ నుంచీ నేర్పుతోందనీ, ఆ కొలతలు ఈమెవేననీ, తను రాయడం మాత్రమే చేసిందనీ, తనకి కూడా మొన్న మంగళవారం నుంచే నేర్పుతోందనీ వరసగా చెప్పేసింది. ఒకామె ఒకటి చెబితే ఇంకొకామె ఇంకొకటి చెప్పింది. ఆ గదిలో ఇరవైమందికీ రెండు భాషలూ వచ్చు, ఇరవైమందీ రెండూ విన్నారు. తేడా తెలియనిది దీదీ ఒక్కతెకే. సుజాతమ్మ ఫైలు బల్లమీద పెట్టేసి కుర్చీలో కూలబడింది.

దీదీ కలం ఆగింది. "మరి నువ్వెవరు? జీతం తీసుకునే నువ్విక్కడ ఏం చేస్తున్నట్టు?"

జ్ఞానరత్నం నోరు తెరిచింది. ఇంతసేపు ఇంకొకరి తరఫున గడగడా మాట్లాడిన పిల్లకి తన తరఫున ఒక్క మాట దొరకలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం దొరికాయి.

సింహాచలమ్మ ఒక అడుగు ముందుకి వేసింది. మాట ఇచ్చాననీ, బెంగాలీ రానట్టు ఉండాలనీ అంతా మర్చిపోయింది. గోల్‌బజారులో చేపల దగ్గర మాట్లాడే బెంగాలీలోనే మొదలుపెట్టింది.

"ఈ పిల్ల రాస్తుంది దీదీ. నేను కొలుస్తాను. నాకు కొలవడమే వచ్చు, నేను పోతే నాతో పోతుంది. అది రాసింది ఉంటుంది. దాన్ని తీసేస్తే నన్నూ తీసెయ్యండి. ఒక కాలితో మిషను ఎలా తొక్కుతాం?"

దీదీ ఆమెని కిందనుంచి పైకి చూసింది. "నీకు బెంగాలీ వచ్చునే!"

"ఖరగ్‌పూర్‌లో ఉండి బెంగాలీ రాకపోతే ముళ్ళ చేపే మిగుల్తుంది దీదీ."

దీదీ నవ్వలేదు. కాని నవ్వు ఆపుకోవడానికి పక్కన పెట్టిన మిఠాయి తీసి నోట్లో వేసుకుంది. అది నమిలేంతసేపు జాబితా చూసింది. తర్వాత కలంతో ఒకటో నంబరుని అడ్డంగా కొట్టేసింది.

"వచ్చినదాన్ని నేర్చుకునేదానిగా రాయకూడదు. ఇప్పుడు పంతొమ్మిదిమందే ఉన్నారు. ఇరవై ఉండాలి" అంది.

సుజాతమ్మ కుర్చీలోంచి మెల్లిగా లేచింది. ఎన్నడూ బొత్తాం కూడా కుట్టుకోని మనిషి. "నా పేరు రాయండి. నాకు నిజంగానే రాదు. ఎవరినైనా అడగండి" అంది. దాలమ్మ "నిజమే దీదీ, ఒట్టు" అంది.

దీదీ రాసింది. తర్వాత పేజీ తిప్పి, టీచరు అని ఉన్న గడి దగ్గర ఆగింది. "సర్టిఫికెట్ ఉన్న టీచరు ఉండాలని నియమం. ఉంది. ఒక్కరే ఉండాలని ఎక్కడా లేదు. జీతం మాత్రం ఒకరికే వస్తుంది, అది మీరిద్దరూ చూసుకోండి. ఇద్దరూ ఇక్కడ సంతకం పెట్టండి. పైన నేను సిఫారసు రాస్తాను. ఆ పైన ఆఫీసు ఇష్టం. నేను రాసింది వాళ్ళు ఎప్పుడూ కొట్టెయ్యలేదు."

జ్ఞానరత్నం సంతకం పెట్టింది. సుజాతమ్మ వేలిముద్రల ఇంకు డబ్బా తెచ్చి సింహాచలమ్మ ముందు పెట్టింది.

"టీచరు వేలిముద్ర వెయ్యకూడదు" అంది దీదీ. చేతి గడియారం చూసుకుంది. "నా బండి రెండున్నరకి."

సింహాచలమ్మ ఆ డబ్బాని పక్కకి జరిపింది. బల్ల మీద మిగిలిన నల్లగుడ్డ ముక్క పరిచి, సుద్ద జ్ఞానరత్నం చేతికిచ్చింది. "గీయి. మెడ గీసినట్టు గీయి, ఒంపులు తెలిసేలాగ."

జ్ఞానరత్నం పేరు రాసింది. సింహాచలమ్మ దాని మీద వేలు పోనిచ్చింది. ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతోందో, ఎక్కడ ముడి పడుతోందో చూసుకుంది. చంక కోత తిప్పడం తెలిసిన చెయ్యి అది. కింద తనే గీసింది. వంకర. దులిపేసి మళ్ళీ గీసింది. మగవాళ్ళ భోజనాల సైరను కూసింది. ఒక్కరూ ఇంటికి లేవలేదు. ఆరోసారి గీసేసరికి దాలమ్మ, "అగ్గదీ! అదే గదా!" అంది. దాలమ్మకి చదువు రాదు, అయినా అంది.

కలం అందుకుని సింహాచలమ్మ ఊపిరి బిగబట్టి రాయడం మొదలెట్టింది. రాస్తూ పోయింది. 'సింహాచ' దగ్గరే గడి అయిపోయింది. మిగతాది గీత దాటి, పక్క గడిలోకి, అక్కడనుంచి దీదీ సిఫారసు రాయాల్సిన చోటికి వెళ్ళింది.

సుజాతమ్మ గాభరాగా, "అయ్యో, గడి దాటిపోయింది పిన్నీ" అంది.

సింహాచలమ్మ కలం పైకెత్తి, తను రాసిందాన్ని తల పక్కకి వంచి చూసుకుంది. చెమట తుడుచుకుంది.

"గడి బిగుతుగా కుట్టినారమ్మా" అంది. "ఇప్పి, ఒదులు సెయ్యాల."